తెరకు మాట నేర్పిన తాతాజీ

చలనచిత్రంలో నటుని ముఖం అందరికీ జ్ఞాపకముంటుంది. ఆ నోట మాట పెట్టిన రచయిత పేరు తెరమీద క్షణకాలం మెరిసి మరుగున పడుతుంది. అట్టివారిలో తాపీ ధర్మారావుగారు ముఖ్యులు. అభిమానులు ఆయనను 'తాతాజీ' అని పిలుచుకున్నారు.

1887లో బరంపురంలో జన్మించిన ఆయన పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులుగారి శిష్యులు. 'జనవాణి' పత్రికను వాడుక భాషలో నడిపారు. ఆనాటి టాకీలలో అధికభాగం రంగస్థల నాటకాలకు నీడలు. పాత్ర ఏదైనా పలుకు గ్రంథస్థమే. 1938లో గూడవల్లి రామబ్రహ్మంగారు తీసిన 'మాలపిల్ల'కు తాతాజీ జనం మాట్లాడుకునే తెలుగులో సంభాషణలు వ్రాశారు. హరిజనుల ఆలయప్రవేశాన్ని కోరిన ఆ చిత్రం వాడుక మాటకు కూడా తలుపు తెరిచింది.

పాండిత్యం లేక ఆయన ఆ మార్గం పట్టలేదు. 'విజయవిలాసం' అనే పాత ప్రబంధానికి వ్రాసిన వ్యాఖ్యకే 1971లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి పొందారు. 1973లో కన్నుమూశారు.

ఈ జీవితాన్ని తరగతిలో ఎన్నోసార్లు బోధించాము, ఆచరించామా? ఒక ఏడు ఒక విద్యార్థి తన వ్యాసంలో "మా అమ్మీ పొద్దుగాలనుంచి బీడీలు చుట్టుకుంట పరేషానైతది" అని వ్రాశాడు. మేము ఎర్ర సిరాతో కొట్టివేసి, "మా తల్లి ఉదయమునుండి శ్రమించును" అని దిద్దాము. అతని తరువాతి వ్యాసంలో ఒక్క తప్పు లేదు. అమ్మ కూడా లేదు.

తాతాజీ తెరిచిన తలుపులోంచి కోస్తా మాట ముందుగా నడిచింది. మన మాట చిరకాలం హాస్యగాండ్రకూ, ప్రతినాయకులకూ పరిమితమైంది. 2023లో 'బలగం' చిత్రం ఉమ్మడి కరీంనగరు పల్లె పలుకుతోనే వచ్చింది. దానిని ఊరివారంతా ఒకచోట కూర్చుండి చూశారు, కన్నీరు పెట్టుకున్నారు. అది చూసిననాడు మా ఎర్ర సిరా మాకు గుర్తుకు వచ్చింది.

పరీక్షకు ప్రామాణిక భాష అవసరమే. దానిని మానుమని మేము చెప్పము. కాని ఈ సంచికలో కొన్ని పుటలైనా విద్యార్థుల ఇంటి మాటకు విడువవలెనని కళాశాల సంఘంవారికి మా విన్నపం. ఆ పుటలలో మేము కలం పెట్టము. మొదటి పుటలో ఆ విద్యార్థి వాక్యాన్ని, అతడు అనుమతిస్తే, అతడు వ్రాసినట్లే అచ్చువేయవలెనని మా కోరిక.