ఒక గుడ్డు బాకీ

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్ళు అడిగితే "వీడియో గేమ్ గురించి రాస్తాను" అన్నాను. నవ్వారు. కానీ నేను రాయాల్సింది అదే.

మొన్న పండక్కి మా అక్క కొడుకు "మామయ్యా, ఇప్పుడు ప్రతివాడూ ఫోన్లో గేమ్ ఆడేస్తున్నాడు. అసలైన ఆటగాళ్ళకు విలువే లేకుండా పోయింది" అని వాపోయాడు. ఆ మాట వినగానే నాకు తొమ్మిదో తరగతి గుర్తొచ్చింది.

అది 2000వ సంవత్సరం. మా హాస్టల్ వెనక సందులో ఒక చిన్న కొట్టు. రెండు టీవీలు, రూపాయికి పది నిమిషాలు. సబ్బుకూ నూనెకూ ఇచ్చే డబ్బుల్లో రూపాయి మిగిల్చుకుని ఆదివారం పరుగెత్తేవాళ్ళం. అక్కడ అందరూ ఆడేది కాంట్రా. మామూలుగా మూడే ప్రాణాలు. కానీ మొదట్లోనే పైకి రెండుసార్లు, కిందికి రెండుసార్లు, ఎడమ, కుడి, ఎడమ, కుడి, తర్వాత బి, ఏ, స్టార్ట్ నొక్కితే ముప్ఫై ప్రాణాలొస్తాయి. మా హాస్టల్లో ఆ రహస్యం నాకొక్కడికే తెలుసు. ఎవరూ చూడకుండా చొక్కా అంచు కింద పెట్టుకుని నొక్కేవాణ్ణి.

నా పక్కన పడుకునే ఏడో తరగతి తమ్ముడు "చెప్పన్నా" అని వారం రోజులు బతిమాలాడు. చివరికి తన వంతు గుడ్డు తెచ్చి నా కంచంలో పెట్టాడు. గుడ్డు తిన్నాను. తప్పు వరస చెప్పాను. వాడు ఆదివారం రూపాయి ఇచ్చి, నొక్కిందే నొక్కి, పది నిమిషాలూ పోగొట్టుకుని వచ్చాడు. "నేనే సరిగ్గా నొక్కలేదేమో అన్నా" అన్నాడు. అంతే.

కొన్నాళ్ళకు ఆ రహస్యం అందరికీ తెలిసిపోయింది. నా రాజ్యం పోయిందని ఏడుపొచ్చింది. కానీ నిజం చెప్పాలంటే కొట్టులో సందడి ఆ తర్వాతే మొదలైంది. ఇద్దరు ఆడుతుంటే ఎనిమిది మంది అరిచేవాళ్ళు. నేను మొదటిసారి ఆట చివరిదాకా వెళ్ళింది, అందరం రూపాయలు పోగేసి, ఆ తమ్ముడితో జంటగా ఆడినప్పుడే.

మా నాయనకు అక్షరాలు రావు. జీవితమంతా కూలికి వెళ్ళాడు. ఇప్పుడు సాయంత్రం అరుగు మీద కూర్చుని క్యాండీ క్రష్ ఆడతాడు. ఒకే రంగువి మూడు కలపడానికి చదువక్కర్లేదు కదా. "ఒరేయ్, ఇది దాటట్లేదు చూడు" అని ఫోన్ ఇస్తే "ఇదీ ఒక ఆటేనా నాయనా" అనబోయి ఆగిపోయాను. గుడ్డు గుర్తొచ్చింది.

ఆట అందరిదీ కావడంలో తప్పు లేదు. 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో వీడియో గేములకు పతకాలు కూడా ఇచ్చారు. నా భయం వేరు. పది నిమిషాలు కాగానే మా కొట్టాయన "లేవరా" అనేవాడు. ఫోన్లో లేవమనేవాడు లేడు. పైగా ఆట పేరుతో పందేలు వచ్చి చేరాయి. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ పందేలను నిషేధించాయి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది. చట్టం పందేన్ని ఆపుతుందేమో గానీ, రాత్రి రెండింటికి మన చేతిలోని ఫోన్ లాక్కోదు.

తమ్ముళ్ళారా, ఆడుకోండి. "లేవరా" అని మాత్రం మీకు మీరే చెప్పుకోండి. తెలిసింది పక్కవాడికి చెప్పండి.

ఆనాటి ఏడో తరగతి తమ్ముడూ, ఈ సంచిక నీ చేతికందితే వార్షికోత్సవానికి తప్పకుండా రా. నీకు ఒక గుడ్డు బాకీ ఉన్నాను.