కాటా చీటీ లెక్క

మిరప కోతకు ఏడుగురు వచ్చారనుకోండి. వాళ్ళలో ముగ్గురికి చదువు వచ్చు, నలుగురికి రాదు. పక్క ఊరి చేనుకు ముగ్గురిని పంపాలి. కాటా దగ్గర కిలోల చీటీ చదవడానికి ఆ ముగ్గురిలో ఒక్కరైనా చదువు వచ్చినవాళ్ళు ఉండాలి. ఎన్ని రకాలుగా పంపవచ్చు?

నాగార్జున విశ్వవిద్యాలయంలో చదివే రోజుల్లో హాస్టల్లో ఇలాంటి లెక్కలు చాలా చూశాను. ఎక్కువమంది ఒకటే దారి పట్టేవారు. చదువు వచ్చిన ముగ్గురిలో ఒకరిని ముందు తీసుకుంటే 3 రకాలు, మిగిలిన ఆరుగురిలో ఇద్దరికి 15 రకాలు, మొత్తం 45. గుణకారం తప్పలేదు. జవాబు మాత్రం 31.

అక్కకు, తమ్ముడికి చదువు వచ్చు. అక్కను ముందు తీసుకుని తమ్ముణ్ణీ అవ్వనూ కలిపితే ఒక జట్టు. తమ్ముణ్ణి ముందు తీసుకుని అక్కనూ అవ్వనూ కలిపినా అదే జట్టు. లెక్కలో మాత్రం రెండు పడ్డాయి. ఇలా 12 జట్లు రెండేసిసార్లు, ముగ్గురూ చదువుకున్న జట్టు మూడుసార్లు పడ్డాయి. ఎక్కువైనవి 14. అసలు మొత్తం జట్లు 35. అందులో చదువు రానివాళ్ళే ఉన్న 4 తీసేస్తే సరిపోతుంది.

"ఎన్‌పీఆరా, ఎన్‌సీఆరా?" అని అడిగేవాళ్ళే గానీ, ఒక్క జట్టునైనా కాగితం మీద రాసి చూసేవాళ్ళు తక్కువ. ఆ సూత్రం కొత్తదేమీ కాదు. 9వ శతాబ్దంలోనే మహావీరాచార్యుడు గణితసార సంగ్రహంలో చెప్పాడు. ఆ గ్రంథాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చినవాడు పావులూరి మల్లన. సూత్రం ఎప్పటి నుంచో ఉంది. దేన్ని లెక్కపెడుతున్నామో చూసుకోవడం మన వంతు.

ఆ చూపు మా అమ్మకు ఉండేది. యర్రగొండపాలెం వైపు తండా నుంచి గుంటూరు చేలకు కోతకొచ్చేవాళ్ళం. ఆమెకు అక్షరం రాదు. కాటా ఎక్కిన ప్రతి సంచికీ ఒక గులకరాయి కొంగున వేసుకునేది. ఒక సంచి రెండుసార్లు పడితే రైతు ఊరుకోడు, ఒకటి తప్పితే మా కూలి పోతుంది. ఒక సంచికి ఒకే రాయి. హాస్టల్లో 45 రాసినవాళ్ళు ఒకే జట్టుకు రెండు రాళ్ళు వేశారు, అంతే. "తండా పిల్లలకు లెక్కలు అబ్బవు" అనే మాట బళ్ళో విన్నప్పుడల్లా నాకు ఆ రాళ్ళే గుర్తొచ్చేవి.

టీచర్లకు ఒక మాట. సూత్రం చెప్పే ముందు చిన్న లెక్క ఇవ్వండి. ముగ్గురిలో ఇద్దరికి చదువు వచ్చు, ఇద్దరిని పంపాలి, ఒక్కరికైనా చదువు ఉండాలి. పై దారిలో పోతే 4 వస్తుంది. జట్లు రాసి చూస్తే 3. ఆ నాలుగోది ఎక్కడి నుంచి వచ్చిందో పిల్లలనే వెతకనివ్వండి.