పిఠాపురమున నిఘంటువుల యిల్లు

పిఠాపురమనగానే యాత్రికులకు కుక్కుటేశ్వరస్వామి యాలయమును, పాదగయయు తలపునకు వచ్చును. చదువునం దభిరుచిగల సోదరీమణులకు మరియొకటియు తోచవలెను. శ్రీ సూర్యరాయాంధ్ర నిఘంటువు ఈ సంస్థానాధీశుల పేరనే వెలసినది. దాని తొలి సంపుటము 1936లో వెలువడెను. అట్టి యూరిలో నిఘంటువులనే నగలుగా కూర్చుకొనిన వృద్ధురాలొకరు కలరని విని, కాకినాడనుండి బస్సెక్కి, ఒక యాదివారము పోయి చూచితిమి. తమ పేరు వ్రాయవలదని వారనిరి. ఊరివారు పిలుచునట్లు మామ్మగారనియే వ్రాయుచున్నాము.

ఇల్లు పాత పెంకుటిల్లు. ఒకప్పుడు ధాన్యపు గాదె యున్న గదిలో నిప్పుడు మూడు బీరువాలున్నవి. తలుపు తీయగనే వసకొమ్ముల వాసన, ఎండిన వేపాకు వాసన. బహుజనపల్లి సీతారామాచార్యులవారి శబ్దరత్నాకరము అట్టలూడి దారముతో కట్టబడి యున్నది. దాని ప్రక్కన బ్రౌనుదొర తెలుగు నిఘంటువు. 1852లో మొదట అచ్చైనదానికి 1903లో వచ్చిన సవరించిన కూర్పు. క్రింది యరలో కొమఱ్ఱాజు లక్ష్మణరావు పంతులుగారి ఆంధ్రవిజ్ఞానసర్వస్వము. అకారముతో మొదలగు విషయములు మూడు సంపుటములుగా వెలువడినవి, అంతియే. 1923లో పంతులుగారు స్వర్గస్థులైరి. ఆ మూడింటిని చేతితో తాకినప్పుడు మాకు మనస్సు చివుక్కుమనెను.

అమరము, ఆంధ్రనామసంగ్రహము మొదలగునవి ఎల్లర యిండ్లలో నుండునవే గనుక వాని మాట విడిచెదము. మామ్మగారు ముఖ్యముగా చూపినవి భద్రిరాజు కృష్ణమూర్తిగారి మాండలిక వృత్తిపదకోశపు సంపుటములు. 1962లో వ్యవసాయపు మాటలు, 1971లో చేనేత మాటలు వెలువడినవి. శబ్దరత్నాకరమునకు కావ్యప్రయోగములు ప్రధానాధారము. బ్రౌను జనుల వాడుక పలుకులను గూడ చేర్చెను. కృష్ణమూర్తిగారి నాట రైతులను, నేతగాండ్రను అడిగి వారి మాటలు కూర్చిరి.

“మరి వంటయింటిలో మనల నడిగినవా రెవరమ్మా?” అని మామ్మగారు నవ్విరి.

ఆ ప్రశ్నకు వారే నలువదియేండ్లుగా జవాబు వ్రాసికొనుచున్నారు. శబ్దరత్నాకరపు పుటలనడుమ ఎక్కడ చూచినను చీటీలే. శుభలేఖల వెనుక, కిరాణాకొట్టు చిట్టాల వెనుక, సన్నని దస్తూరీతో. ‘అత్తెసరు’ ఉన్నచోట, వార్పులేకుండ ఏ బియ్యమున కెంత నీరు పట్టునో గలదు. ‘సోల’ యున్న పుటలో, నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక యని కొలతల వరుస. తూనికలు కొలతలు మెట్రికు పద్ధతికి మారవలెనని 1956లో చట్టము వచ్చినది. నేటి కోడండ్రకు గ్రాములు తెలియును గాని గిద్ద యెరుగరు.

‘పాకము’ వద్ద మేము చాలసేపు నిలిచితిమి. ద్రాక్షాపాకము, కదళీపాకము, నారికేళపాకమని చిన్ననాట నాయనగారివద్ద మేమును చదివితిమి. మామ్మగారి చీటీలో నున్నవి లేతపాకము, తీగపాకము, ఉండపాకము. రెండు వ్రేళ్లనడుమ సాగినచో తీగ. నీటిలో వేసిన చుక్క చేతికి ఉండయైనచో ఉండపాకము. అలంకారశాస్త్రములోని పాకముకంటె నిదియే మాకు కష్టమైన శాస్త్రముగా తోచినది.

కుమారులు దూరదేశమున నున్నారు, ఇల్లు అమ్మవలెననుచున్నారు. తూకమునకు కొనెదమని యొకరు వచ్చిపోయిరట. ఒక గ్రంథాలయమువారు పుస్తకములు తీసికొందుము గాని లోని చిత్తుకాగితములు తీసివేసి యిమ్మనిరట! మామ్మగా రందుల కొప్పుకొనలేదు.

“అమ్మాయీ, అచ్చుపుస్తకము ఇంకొకచోటనైన దొరకును. ఈ చీటీలు మరల వ్రాయుటకు నాకు కన్నులు లేవు” అనిరి.

మావారు ఉపాధ్యాయులగుటచే బడి నోటుపుస్తకములకు మాయింట కొదువలేదు. అప్పటినుండి ప్రతి యాదివారము పోయి, ఏ చీటీ యే పుటలో నున్నదో గుర్తు వ్రాసికొని, నకలు తీయుచున్నాము. ఇప్పటికి రెండు పుస్తకములు నిండినవి; చకారములో నున్నాము. ఇంటి బేరము కార్తికమువరకు ఆపుదుమని పెద్దకుమారుడు ఫోనులో మాట యిచ్చెను.