అమ్మ గరిటెల డబ్బుతో గ్రాఫిక్స్ కార్డు

మాది ఉదయగిరి. అమ్మ చెక్క గరిటెలు చేస్తుంది. వాటిని బ్లెండర్‌లో త్రీడీ బొమ్మలుగా చేసి ఆన్‌లైన్‌లో చూపించాలని నా ఆశ. నా సిస్టమేమో ఏదో ఆఫీసులో వాడి అమ్మేసిన సన్న డబ్బా. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు, ప్రాసెసర్‌లో ఉన్నదే దిక్కు. గరిటెను తిప్పితే చాలు, బొమ్మ బిగుసుకుపోయేది.

అమ్మ దాచుకున్న 2,500 రూపాయలతో ఆత్మకూరు పోయి పాత కార్డొకటి తెచ్చా. తీరా చూస్తే దానికి ఆరు పిన్నుల పవర్ వైరు కావాలంట. నా పవర్ సప్లైలో అది లేదు. పైగా కార్డు ఎత్తుకి డబ్బా మూతే పడదు! చూసుకోకుండా కొన్నది నేనే, షాపాయన్ని ఏమనేది? మళ్లీ బస్సెక్కా. బతిమాలితే మార్చి, పొట్టి జీటీ 1030 ఇచ్చాడు. అది తినేది 30 వాట్లే, స్లాటు నుంచే తీసుకుంటుంది.

బిగించా. స్క్రీన్ నల్లగా! అమ్మ డబ్బులు పోయాయనుకున్నా. తీసి, తుడిచి, మళ్లీ పెట్టా. అదే నలుపు.

"ఏందిరా, ఆ వైరు పాత చోటే ఉందే?" అంది అమ్మ.

నిజమే. హెచ్‌డీఎంఐ కేబుల్ ఇంకా మదర్‌బోర్డుకే ఉంది. కార్డుకి మార్చా.

గరిటె గిర్రున తిరిగింది.

"కాడ లావుగా ఉంది, సన్నం చెయ్" అంది.