చెవిలో మిషను

మా ఊరు పాల్వంచ నుంచి భద్రాచలం వెళ్లే దారిలో, అడవి అంచున. పదకొండేళ్లు ఖమ్మం దగ్గర గ్రానైటు క్వారీల్లో డ్రిల్లు పట్టాను. పని దిగాక చెవుల్లో గుయ్యిమనేది. తెల్లారేసరికి పోయేది. తర్వాత్తర్వాత పోవడం మానేసింది. చెవుల్లో దూది పెట్టుకునేవాణ్ని. అది దుమ్మునైనా ఆపిందో లేదో!

నిరుడు ఎండాకాలం సెలవు మీద ఇంటికొచ్చాను. ఒకరోజు తెల్లవారుజామున కుడివైపు ఒత్తిగిలితే ఇంటి కప్పు గిర్రున తిరిగింది. నిమిషం లోపే ఆగింది గానీ వాంతి అయింది. పక్షవాతం అనుకున్నాను. నా భార్యను లేపలేదు, భయపెట్టడం ఎందుకని. నిజానికి ఆ మాట పైకి అనడానికి నాకే భయం.

రెండోరోజు గోడ పట్టుకుని నడుస్తుంటే పొద్దున్నే తాగాడన్నారు. సిగ్గుతో ఇంట్లోనే ఉండిపోయాను. మూడోరోజు మంచం దిగలేదు. మరుగుదొడ్డికి కూడా నా భార్యే పట్టుకుని తీసుకెళ్లింది.

నాలుగోరోజు మా బామ్మర్ది ఖమ్మం తీసుకెళ్లాడు. చెవి డాక్టరు నా తల పక్కకు తిప్పి గభాల్న వెనక్కి పడుకోబెట్టాడు. మళ్లీ గిర్రున తిరిగింది. అరిచాను. నర్సమ్మ చెయ్యి గట్టిగా పట్టేసుకున్నాను. ఆమె విడిపించుకోలేదు. లోపలి చెవిలో సున్నపు రవ్వలు జారాయట. తలను ఒక్కో వైపూ తిప్పుతూ అయిదు నిమిషాల్లో వాటిని చోటికి చేర్చాడు. డ్రిల్లు అదురుకేనా అంటే, కచ్చితంగా చెప్పలేనన్నాడు. ఏ కారణం లేకుండానూ జారతాయట.

తర్వాత వినికిడి పరీక్ష. కాగితం మీద గీత 4000 హెర్ట్జ్ దగ్గర గుంటలో పడ్డట్టు దిగింది. కుడిచెవికి మరీ. ఇది మాత్రం మోత వల్లే అన్నాడు. లోపల నత్తగుల్లలాంటి చోట సన్నని కేశకణాలు ఉంటాయి. చచ్చినవి మళ్లీ పుట్టవు. 85 డెసిబెళ్ల మోతను రోజుకు 8 గంటల వరకే భరించాలి. 100 డెసిబెళ్లైతే పావుగంటే. మా డ్రిల్లు అంతకంటే ఎక్కువే. నేను పొద్దంతా పట్టేవాణ్ని.

కళ్లు తిరగడం మళ్లీ రాలేదు. డ్రిల్లు మానేశాను. ఈ ఏడు తునికాకు కోతకు అడవికి పోతే నా భార్య కేక వినపడింది, ఎటువైపు నుంచో తెలియలేదు. ఎలుగుబంట్లు తిరిగే చోటు. కదలకుండా నిలబడిపోయాను. ఆమే వచ్చి చెయ్యి పట్టుకుంది. ఇప్పుడు నాకు కుడిపక్కన తనే నడుస్తుంది.

మిషను పట్టే అన్నలారా, పని దిగాక చెవి గుయ్యిమంటే తెల్లారేదాకా చూడకండి. ఇయర్‌మఫ్‌లు అడగండి. వినికిడి పరీక్ష చేయించుకోండి. నాకు రాత్రిళ్లు ఇంకా మిషను ఆడుతూనే ఉంది.