గోదావరి గట్టు ఇవతల

రాజమండ్రికి గోదావరిని చూడ్డానికి వచ్చినవాళ్ళు నీళ్ళవైపే చూస్తారు. కాసేపు ఇటు తిరిగి గట్టు ఇవతలి ఇళ్ళను కూడా చూడమంటాను నేను. కోటిలింగాల రేవు నుంచి పుష్కరాల రేవు దాకా నడిస్తే ఎన్ని తోటలు! పగిలిన బకెట్లో కనకాంబరం, నూనె డబ్బాలో మరువం, మెట్ల పక్క జానెడు మట్టిలో నందివర్ధనం. ఒక వాకిట్లో అయితే అరుగుకీ మురుగుకాలవకీ మధ్య రెండడుగుల జాగాలో పెట్టిన బచ్చలి, కిటికీ ఊచలు పట్టుకుని డాబా ఎక్కేసింది. ఆగి చూస్తుంటే ఇంటావిడ బయటికొచ్చింది. "ఏటి ఒండ్రండీ. వరద తీశాక రెండు గంపలు తెచ్చి పోస్తాం. ఇంకేం వెయ్యం" అంటూ నాలుగు ఆకులు కోసి చేతిలో పెట్టింది.

ఆ ఒండ్రునే నమ్ముకున్నాయి ఏటి నడుమ లంకలు. జూలై, ఆగస్టుల్లో ఎర్రనీళ్ళు వచ్చి పాదులన్నీ ముంచేస్తాయి. నీరు తీయగానే అదే నేలలో మళ్ళీ వంగ, మిరప వేస్తారు. నా దృష్టిలో ఇంతకు మించిన తోటమాలులు లేరు.

దిగువన దవళేశ్వరం. వరదొస్తే మునిగి, వాన తప్పితే ఎండిపోయే డెల్టా కోసం 1847లో ఆర్థర్ కాటన్ మొదలుపెట్టిన ఆనకట్ట 1852కి పూర్తయింది. ఇప్పుడున్న బ్యారేజీ ఆ తర్వాత కట్టినది. ఇక్కడి నుంచి ఏటిని వదిలి తూర్పు డెల్టా కాలవ నీళ్ళు పారే దారి పట్టాను.

కడియం, కడియపులంక వచ్చేసరికి ఊళ్ళకు ఊళ్ళే నర్సరీలు. లారీలకెక్కి ఇక్కడి మొక్కలు ఇతర రాష్ట్రాలకూ పోతాయి. నన్ను ఆపింది మాత్రం అంట్లు కట్టే ఆడవాళ్ళ చేతులు. పెన్సిలంత కొమ్మకు అంగుళం మేర బెరడు చుట్టూ వలిచి, తడి కొబ్బరిపొట్టు పొదివి, ప్లాస్టిక్ కాగితం చుట్టి, రెండు కొసలా దారం బిగిస్తారు. వేళ్ళు తెల్లగా కాగితానికి తగిలి కనబడ్డాకే కొమ్మ కోసి సంచిలో నాటుతారు. అంతవరకూ తల్లిచెట్టే దాన్ని పోషిస్తుంది.

మల్లెమొక్క కావాలని అడిగితే, వాళ్ళలో పెద్దావిడ ధర చెప్పలేదు. "మీ ఇంట్లో ఎండ ఎంతసేపు పడుతుందమ్మా?" అంది. బాల్కనీలో పొద్దున్న కాసేపేనన్నాను.

"అయితే మల్లె వద్దు. పూయదు, మీకూ దిగులే. మనీప్లాంటు పట్టుకెళ్ళండి."