చాటన్ పల్లెలో చిన్న బల్ల

లండనునుంచి రైల్లో వెళ్ళి హాంప్‌షైరులోని ఆల్టన్ స్టేషనులో దిగి, మైలు పైచిలుకు నడిస్తే చాటన్ అనే పల్లె వస్తుంది. రోడ్డు వారనే ఎర్ర యిటుకల యిల్లు. దర్జా ఏమీ లేదు. అయినా నవలాప్రియులకు అది పుణ్యక్షేత్రం. 1809 మొదలు 1817 దాకా జేన్ ఆస్టిన్ తల్లితోను, అక్కతోను కాపురమున్నది అక్కడే. 1949 నుంచి దాన్ని మ్యూజియంగా వుంచారు.

లోపల కిటికీ దగ్గర ఒంటికాలిమీద నిలబడ్డ చిన్న వాల్‌నట్ బల్ల చూశాను. పన్నెండు పలకలది. మన యిళ్ళలో మంచినీళ్ళ చెంబూ, మందుసీసా పెట్టుకునేందుకు సరిపోతుంది. “ప్రైడ్ అండ్ ప్రెజుడిస్”కు ఆవిడ మెరుగులు దిద్దింది దీనిమీదేనట!

ఆ నవలకు మొదటి పేరు “ఫస్ట్ ఇంప్రెషన్స్”. అంటే తొలిచూపులో కలిగే అభిప్రాయాలన్నమాట. 1796లో, యిరవయ్యో యేట మొదలుపెట్టి మరుసటి యేడు ముగించింది. తండ్రి లండనులోని ఒక ప్రచురణకర్తకు వ్రాస్తే, ఆయన వ్రాతప్రతి మొహమైనా చూడకుండా తిరుగు టపాలో అక్కరలేదన్నాడు. అచ్చయ్యేసరికి 1813 వచ్చింది. తొలిచూపు చేసే మోసాన్ని చెప్పే నవలకు ఆ తొలిచూపైనా దక్కలేదు చూడండి!

కథలో, నృత్యసభలో డార్సీ తన అందాన్ని తేలికచేసి అన్న మాట ఎలిజబెత్ చెవిని పడుతుంది. అది మొదలు అతడేం చేసినా ఆమెకు పొగరుగానే కనిపిస్తుంది. తరువాత వచ్చిన విక్‌హామ్, డార్సీ తనకు అన్యాయం చేశాడని తీయగా చెబితే ఋజువు అడగకుండానే నమ్ముతుంది. పోనీ తెలివితక్కువదా అంటే, ఆ యింట్లో ఆమెను మించిన చురుకైన పిల్ల లేదు. ఒకడు ఆమె అభిమానాన్ని గాయపరచాడు, మరొకడు దువ్వాడు. ఆ త్రాసులోనే యిద్దరి గుణాలనూ తూచింది. తుదకు విక్‌హామ్ సంగతి తెలిసి కూడా ఊళ్ళో ఎవరికీ చెప్పక ఊరుకుంది. పదహారేళ్ళ చెల్లెలు లిడియా అతడితో లేచిపోయింది.

డార్సీమీద ఆమె అభిప్రాయం మారడానికి అతడి ఉత్తరం ఒక కారణం, ప్రయాణం ఒక కారణం. మేనమామతో, అత్తతో డెర్బీషైరు యాత్రకు వెళ్ళి అతడి భవంతి చూస్తుంది. నాలుగేళ్ళప్పటినుంచి అతణ్ణి ఎరిగిన, యింటిపెత్తనం చూసే పెద్దావిడ, ఆయన తనను ఒక్కనాడూ కసరలేదంటుంది. యజమానిని గురించి జీతానికున్నవాళ్ళు చెప్పే మాటకు మించిన సాక్ష్యమేముంది? గంటసేపు పెళ్ళిచూపులు చూసే మనం గూడా, యిరుగుపొరుగులను వాకబు చేయడం మానలేదు గదా!

చాటన్‌కు వించెస్టర్ దగ్గరే. అక్కడి కెథెడ్రల్‌లో ఆవిడ సమాధి వుంది. ఆవిడ మంచి మనస్సునూ, బుద్ధినీ ఎంతో పొగిడిన ఆ రాతిమీద నవలలు వ్రాసిందన్న ముక్క ఒక్కటీ లేదు. అది చెప్పే యిత్తడి ఫలకం పెట్టేసరికి 1872 అయింది. రాయి చదివి తిరిగిపోతే ఆవిడెవరో తెలియదు; ఒకసారి తలెత్తి గోడకేసి కూడా చూడాలి.